ఉత్తరానికి బదులు సంతకం

అగ్నిమాపక శాఖలో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆమె టేపమ్మ. ఏ భవనం తనిఖీకి వెళ్లినా ముందు సంచిలోంచి కొలత టేపు తీసి, ఆ తర్వాతే ఎదుటివాళ్లని పలకరిస్తుందని శాఖలో చెప్పుకునేవారు. అక్కాబావలు కొత్త ఇంట్లోకి మారిన రోజు కూడా మెట్ల వెడల్పు కొలిచి, "రెండంగుళాలు తగ్గింది బావా" అని పదిమంది ముందూ అనేసింది. ఆరేళ్లయినా బావ ఆ రెండంగుళాలూ మర్చిపోలేదు. ఆమెకు అన్నం వడ్డించినప్పుడల్లా "సరిపోయిందా, కొలిచి చూస్తావా?" అంటూనే ఉంటాడు.

టేపమ్మకు యాభై మూడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. అక్క ఒక బడికి ప్రధానోపాధ్యాయిని, లెక్కల టీచరు. ఇంకో పది నెలల్లో రిటైరవుతుంది. అమ్మానాన్నా పోయాక ఒకరికొకరు తల్లీ బిడ్డా అయి బతికిన మనుషులు వాళ్లిద్దరూ. ఎవరు తల్లో ఎవరు బిడ్డో మాత్రం అవసరాన్ని బట్టి మారుతూ ఉండేది.

ఆ సంవత్సరం వానలు వెనకపట్టాక టేపమ్మ ఒక నర్సింగ్‌హోం తనిఖీకి వెళ్లింది. నాలుగంతస్తులు, అరవై మంచాలు. కాగితం మీద రెండు మెట్లదారులున్నాయి, ముందొకటి, వెనకొకటి. ముందుది బాగానే ఉంది. వెనక దారిలో మూడో అంతస్తు దగ్గర ఇనుప తలుపు, దానికి తాళం. తాళంచెవి కోసం ముగ్గురు మనుషులు ఇరవై నిమిషాలు తిరిగారు. తీరా తలుపు తెరిస్తే మెట్లు కనబడలేదు. మందుల పెట్టెలు కింది నుంచి పై దాకా పేర్చి ఉన్నాయి. ఆ పక్క గదిలోనే ఒక ముసలాయన కాలికి బరువులు కట్టించుకుని, కదల్లేక, కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

"ముందు వైపు పొగ కమ్మితే ఈయన్ని ఎటు నుంచి దింపుతారు?" అని అడిగింది టేపమ్మ.

నర్సింగ్‌హోం మేనేజరు నవ్వాడు. ఆయన దేనికైనా నవ్వుతాడు. అక్కడి నర్సులు వెనకాల ఆయన్ని నవ్వులరాయుడు అంటారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు.

"పొగెందుకు కమ్ముతుందండీ, అశుభం పలక్కండి" అన్నాడు.

టేపమ్మ డైరీ తీసి రాసుకుంది. వెనక మెట్లు ఖాళీ చేసి, ఇనుప తలుపు తీసేసి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపు పెట్టేదాకా అనుమతిపత్రం ఇవ్వడం కుదరదని చెప్పింది. ముప్పై రోజుల గడువిచ్చింది. మేనేజరు గేటు దాకా వచ్చి నవ్వుతూనే సాగనంపాడు.

నాలుగోరోజు ఆయన ఆఫీసుకొచ్చాడు.

"అక్కగారు బాగున్నారాండీ?"

"మా అక్క మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ. ఒకప్పుడు మీరిద్దరూ మా మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లు. నేను చిన్నపిల్లాణ్ని. మొన్నే ఆ ఇల్లు పడగొట్టించాం. అటక మీద ఎన్ని పాత కాగితాలు దొరికాయో." కాసేపు ఊరుకుని, "మా అనుమతిపత్రం సంగతి కాస్త చూడండి మరి" అని లేచాడు.

టేపమ్మకు అనుమానం రాలేదు. పాత పరిచయం వాడుకోవాలని చూస్తున్నాడనుకుని, అలవాటు చొప్పున తేదీ, టైము, అన్న మాటలు డైరీలో రాసిపెట్టింది. ఎవరు తనిఖీ గురించి మాట్లాడినా రాసిపెట్టుకోవడం ఆమెకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఏం అనుకుందో రాయదు. ఏం చూసిందో, ఏం విందో అంతే.

రెండు రోజుల తర్వాత ఆమె బల్ల మీద ఒక కవరు ఉంది. లోపల జిరాక్సు కాపీ ఒక్కటే. పైన ఎవరి రాతా లేదు. మొదటి వాక్యం చదివేసరికే టేపమ్మ లేచి తలుపు వేసింది. ఆ దస్తూరీ తనదే.

"అక్కా, లెక్కల పేపరు నేను బాగా రాశాను. నువ్వేమీ భయపడకు. ఫొటో వంక ఎవరూ సరిగా చూడలేదు, చూసినా మనిద్దరం ఒక్కలాగే ఉంటాం కదా. నువ్వు మందులు వేసుకో."

ముప్పై రెండేళ్ల కిందటి ముచ్చట అది. టీచర్ల నియామక పరీక్ష. అక్క రెండేళ్లు చదివింది. మొదటి రెండు పేపర్లూ తనే రాసి వచ్చి, ఆ సాయంత్రమే టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడిపోయింది. మిగిలింది లెక్కల పేపరు ఒక్కటే. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఉద్యోగం వస్తేనే. ఇరవయ్యొక్కేళ్ల చెల్లెలు అక్క చీర కట్టుకుని, అక్కలా జడ వేసుకుని, అక్క హాల్‌టికెట్టు పట్టుకుని వెళ్లి పరీక్ష రాసేసింది. ఆసుపత్రిలోకి మనుషుల్ని రానివ్వడం లేదని నర్సు చేతికి ఉత్తరం ఇచ్చి పంపింది. చింపెయ్యమని చెప్పడం మర్చిపోయింది. అక్క దాన్ని ఎక్కడ దాచిందో జ్వరంలో తనకే గుర్తు లేకుండా పోయింది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు ఆ సంగతి ఒకరితో ఒకరు కూడా ఎత్తలేదు.

మర్నాడు మేనేజరు ఫోను చేశాడు.

"కాగితం అందిందాండీ? పాపం అక్కగారు పెద్దవాళ్లు. ఇంక పది నెలలేగా సర్వీసు. గౌరవంగా రిటైరవ్వాలి." ఊపిరి తీసుకునేంత సేపు ఆగాడు. "మా పని సంగతి మర్చిపోకండి."

బెదిరింపు అనదగ్గ మాట ఒక్కటీ లేదు. ఫోను పెట్టేశాక టేపమ్మ ఆ మాటల్ని కూడా తేదీ, టైముతో సహా డైరీలో రాసింది.

ఆ రోజంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం నర్సింగ్‌హోం ఫైలు తీయించుకుని, ఖాళీ అనుమతిపత్రం ముందు పెట్టుకుంది. కలం మూత తీసింది. ఒక్క సంతకం. అక్క నలుగురి ముందూ తలెత్తుకుని బడి గేటు దాటి వచ్చేస్తుంది. ఆ నర్సింగ్‌హోంలో ఇన్నాళ్లూ ఏ ప్రమాదమూ జరగలేదు, ఇకపైనా జరక్కపోవచ్చు. ఇలా అనుకుంటూ ఉండగానే కాలికి బరువులు కట్టించుకుని కప్పుకేసి చూస్తున్న ముసలాయన కళ్లముందుకొచ్చాడు. ఈ కాగితం మీద సంతకం పెడితే, ఆ తలుపుకి రెండో తాళం తను వేసినట్టే. పైగా ఈ ఏడు సంతకం పెడితే వచ్చే ఏడూ పెట్టమంటాడు. ఉత్తరం ఆయన దగ్గరున్నన్నాళ్లూ కలం తన చేతిలో ఉన్నా చెయ్యి ఆయనదే.

కలానికి మూత పెట్టేసి, ఫైలు కట్టేసి, సాయంత్రం అయిదింటికి అక్క ఇంటికి నడిచింది.

అక్క వరండాలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. బావ కుర్చీలో పేపరు చదువుతున్నాడు. టేపమ్మ జిరాక్సు కాగితం నోటుపుస్తకాల మీద పెట్టింది. అక్క చదివింది. ఎర్రసిరా కలం చేతిలోంచి జారి, దిద్దుతున్న లెక్క మీద గీత పడింది.

"ఎవరిచ్చారే ఇది?"

టేపమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"పెట్టెయ్" అంది అక్క. గొంతు తగ్గించి, బావ వైపు ఓరగా చూస్తూ, "ఆ సంతకమేదో పెట్టెయ్యవే. పది నెలలు. ఆ తర్వాత వాడు ఏం చేసుకుంటే నాకేంటి."

"మూడో అంతస్తులో మనుషులున్నారక్కా."

"నేను మనిషిని కానా?"

టేపమ్మ అక్క పక్కన కూర్చుంది. ఏం చెప్పినా అక్క మీద గొడ్డలి వేసినట్టే ఉంటుంది. చివరికి, "ఆ పరీక్ష రాసింది నేను. రాయమని నువ్వడగలేదు. ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్నావు. తప్పు నాది, అది నేనే చెప్పుకుంటాను. కానీ వాడు అడిగింది చెయ్యను. నువ్వు ఒప్పుకోకపోయినా చెయ్యను. నీకు చెప్పకుండా పోలీసుల దగ్గరికి వెళ్లకూడదని వచ్చాను, అంతే" అంది.

"ఈయనకేం చెప్పను?" అక్క కళ్లల్లో నీళ్లు నిలిచాయి. "ముప్పయ్యేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ చెప్పుకుంటాడే, మా ఆవిడకి లెక్కల్లో తొంభై నాలుగు మార్కులని."

"తొంభై నాలుగు సంగతేంటి?" అన్నాడు బావ, పేపరు దించి. ఆయనకు చెవులు చురుకే. చాలాసేపటి నుంచీ పేజీ తిప్పలేదని అప్పుడు గమనించింది టేపమ్మ.

అక్క కాగితం ఆయన చేతికిచ్చింది. బావ కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు. ముఖం గట్టిపడింది. లేచి లోపలికి వెళ్లాడు. లోపల మంచినీళ్ల గ్లాసు చప్పుడైంది. అక్కాచెల్లెళ్లిద్దరూ బడిలో తప్పు చేసి దొరికిన ఆడపిల్లల్లా కూర్చున్నారు. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అయితే ఆ తొంభై నాలుగూ మరదలివన్నమాట."

ఆయన కాగితం తిరిగి నోటుపుస్తకాల మీద పెట్టాడు.

"ముప్పయ్యేళ్లు నాకు చెప్పలేదు. దానికి నేను నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది" అన్నాడు భార్యతో. "అది మనిద్దరి మధ్య. వాడి సంగతి వేరు. మన ఇంట్లో మాట పట్టుకుని ఎవడో మేనేజరు మంచాన పడ్డవాళ్ల దారి మూయిస్తానంటే చూస్తూ ఊరుకుంటామా?"

అక్క చాలాసేపు నోటుపుస్తకం మీద పడ్డ ఎర్రగీత వంక చూసింది. "నాకు లెక్కలు రావని తెలిసే కదా, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పొద్దున్నే లేచి చదివాను. దీని మార్కులకి తగ్గ టీచర్ని కావాలని" అంది మెల్లగా. తర్వాత ముక్కు తుడుచుకుని, "రేపు స్టేషనుకి ఎన్నింటికి వెళ్దాం?" అని అడిగింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఒక మధ్యవయసు ఆవిడ. వాళ్లు చెప్పింది మొత్తం విని, డైరీ తెరిచి చదివి, ఉత్తరం కాపీ వెలుతురుకి పట్టి చూసింది.

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"నిజమే" అన్నారు ఇద్దరూ.

"మంచిది. మొదటి రోజే ఒప్పుకున్నారు. రహస్యం నిజమైనా సరే, దాన్ని చూపించి భయపెట్టి పని చేయించుకోవాలనుకుంటే నేరమే. అబద్ధమైతేనే నేరమని చాలామంది అనుకుంటారు, అందుకే ఎవరూ ఇక్కడి దాకా రారు. మీ పరీక్ష సంగతి మీ శాఖలు చూసుకుంటాయి. అది నేను ఆపలేను, ముందే చెప్తున్నాను."

"తెలుసు" అంది అక్క.

"ఇక వీడి సంగతి. మనిషి తెలివైనవాడు. అక్కగారు బాగున్నారా అంటాడు. కాసేపాగి మా పని చూడండి అంటాడు. రెండు మాటలూ విడివిడిగా పెడితే రెండింట్లోనూ తప్పు లేదు. ఆ రెండింటికీ మధ్య ముడి ఉందని మనకి తెలుసు. జడ్జిగారికి తెలియాలి. ఆ ముడి వాడి నోటితో వాడే వెయ్యాలి."

"నేను అడిగితే చెప్తాడా?" అంది టేపమ్మ.

"మీరు అడక్కూడదు. బెదిరిస్తున్నావా అని మీరంటే, వాడు అవునన్నా ఆ మాట మీరు నోట్లో పెట్టిందే అంటారు వాళ్ల వకీలు. బేరం ఆడకండి. ఆశ పెట్టకండి. కోప్పడకండి. వాడు చెప్పింది అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. అంతే."

టేపమ్మ జీవితంలో అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. ముక్కుసూటిగా అనేసే మనిషిని నోరు కట్టేసుకుని కూర్చోమన్నారు. రెండు రోజులు బావ మేనేజరు వేషం వేశాడు, అక్క పక్కన కూర్చుని తప్పులు పట్టింది. బావ నవ్వినప్పుడల్లా టేపమ్మకు ఒళ్లు మండి, "నీ మొహం, నోర్ముయ్" అనేసేది. "ఇదిగో, ఇక్కడే కేసు పోయింది" అనేది అక్క.

సోమవారం పదకొండింటికి వస్తానని మేనేజరే కబురు పంపాడు. ఇన్‌స్పెక్టరు ఇద్దరు సాక్షుల ముందు టేపమ్మ ఫోనును పరీక్షించి, రికార్డింగు ఎలా ఆన్ చేయాలో చూపించింది. బయట వరండా బెంచీ మీద మామూలు బట్టల్లో ఒక కానిస్టేబులు, దుకాణం అనుమతి కోసం వచ్చినవాడిలా దరఖాస్తు పట్టుకుని కూర్చున్నాడు. తలుపు ఎప్పటిలాగే సగం తెరిచి ఉంది. ఫోను ఫైళ్ల పక్కన బల్ల మీదే ఉంది, బోర్లించి.

మేనేజరు వచ్చి సందర్శకుల రిజిస్టర్లో పేరు రాసి, టేపమ్మ "కూర్చోండి" అన్నాక కూర్చున్నాడు.

"అక్కగారు బాగున్నారాండీ?"

"బాగున్నారు."

"ఆ కాగితం చూశాక ఏమనుకున్నారు?"

"ఏ కాగితం గురించి మీరు మాట్లాడుతున్నారో నాకు అర్థం కాలేదు."

మేనేజరు నవ్వాడు. "మీరు చదువుకున్నవాళ్లు. అన్నీ నేనే చెప్పాలా?"

"చెప్పాలండీ. నాకు కొలతలు తప్ప సైగలు అర్థం కావు."

ఆయన కాళ్లు అటూ ఇటూ మార్చి కూర్చున్నాడు. వాతావరణం గురించి మాట్లాడాడు. నర్సింగ్‌హోం యజమానులు తన ప్రాణం తీస్తున్నారన్నాడు. రిటైరయ్యేవాళ్ల మీద విచారణ పడితే ఎంత అప్రతిష్టో చెప్పాడు. టేపమ్మ వింది. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఒకటే.

"విచారణకీ మీ అనుమతిపత్రానికీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు."

వెనక గోడ గడియారం చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. తనే ఏదో ఒకటి అనేసి ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టాలని నాలుక తహతహలాడింది. టేపమ్మ పళ్లు బిగబట్టింది. నిశ్శబ్దం మేనేజరుకే ముందు బరువైంది. మొదటిసారి ఆయన ముఖం మీద నవ్వు పోయింది.

"ఏంటండీ అర్థం కానిది? వెనక మెట్ల గురించి రాయకుండా సంతకం పెట్టండి, ఉత్తరం తెచ్చి మీ చేతిలో పెడతాను. పెట్టకపోతే బుధవారం పొద్దున అది విద్యాశాఖ ఆఫీసులో ఉంటుంది. ఇంకో కాపీ మీ పైఅధికారికి. ఇప్పుడర్థమైందా?"

"అర్థమైంది" అంది టేపమ్మ. "బుధవారంలోపు ఆలోచించుకోవచ్చా?"

"ఆలోచించుకోండి" అన్నాడు. నవ్వు తిరిగొచ్చింది. "వస్తానండీ."

ఆయన మెట్లు దిగేదాకా ఆమె కదల్లేదు. తర్వాత లేచి, ఫోను తిరగేసి రికార్డింగు ఆపింది. కానిస్టేబులు లోపలికొచ్చి, "మేడం, నేను కూడా విన్నాను, చివరి మాటలు గట్టిగానే అన్నాడు" అన్నాక మళ్లీ కుర్చీలో కూలబడింది.

ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు కోర్టు నుంచి సోదా ఉత్తర్వు తీసుకుని నర్సింగ్‌హోంలో మేనేజరు గది వెతికింది. బీరువాలో అసలు ఉత్తరం దొరికింది, మడతల దగ్గర పసుపుపచ్చగా మారిపోయి. దాంతోపాటు రెండు కవర్లు, చిరునామాలు ముందే రాసి ఉన్నాయి, ఒకటి విద్యాశాఖకి, ఒకటి అగ్నిమాపక శాఖకి. వాటికి అతికించినట్టు ఇంకో కాగితం. టైపు చేయించి పెట్టుకున్న అనుమతిపత్రం నమూనా. రెండు మెట్లదారులూ సక్రమంగా ఉన్నాయని అందులో ఉంది. సంతకం చోటు ఒక్కటే ఖాళీ. ఉత్తరం, కవర్లు, నమూనా నాలుగూ ఒకే క్లిప్పు కింద ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు క్లిప్పు తీయకుండా ఫొటోలు తీయించి, అలాగే సంచిలో వేసి సీలు వేసింది.

కేసు కోర్టుకు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా ఉత్తరం సంగతి అందరికీ తెలిసిపోయింది. మేనేజరు బయటపెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఫిర్యాదు చేసిన రోజే అక్కాచెల్లెళ్లిద్దరూ తమ తమ పైఅధికారులకు రాసిచ్చేశారు. టేపమ్మను సస్పెండ్ చేశారు. అక్క బడిలో తోటి టీచర్లు కొందరు పలకరించడం మానేశారు. ఒకావిడ మాత్రం స్టాఫ్‌రూంలో అందరి ముందూ వచ్చి పక్కన కూర్చుని, "నాకు భిన్నాలు నేర్పింది మీరే" అని తన డబ్బాలోంచి ఒక ముద్ద అక్క పళ్లెంలో వేసింది. అక్క ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి ఏడ్చింది. బావ ఆ రోజే అక్కతో మళ్లీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటిదాకా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు.

కోర్టులో మేనేజరు తరపు వకీలు పొడుగ్గా, చురుగ్గా ఉన్న మనిషి. టేపమ్మ బోనెక్కగానే ఉత్తరంతో మొదలుపెట్టాడు.

"ఇది మీ దస్తూరీయేనా?"

"నాదే."

"మీ అక్కకి బదులు మీరు పరీక్ష రాశారు."

"ఒక పేపరు రాశాను."

"అంటే మోసం చేశారు."

"చేశాను."

"మోసం చేసిన మనిషి మాట ఈ కోర్టు ఎందుకు నమ్మాలి?"

"నా మాట ఒక్కటే నమ్మమని నేను అడగట్లేదండీ. రికార్డింగు ఉంది, కవర్లు ఉన్నాయి, రిజిస్టర్లో ఆయన రాసుకున్న పేరుంది. నేను చెప్పింది వాటితో సరిపోతుందో లేదో చూడమంటున్నాను."

వకీలు దారి మార్చాడు. తన కక్షిదారు పాత పరిచయం కొద్దీ క్షేమం అడిగాడన్నాడు. ఉత్తరం తిరిగి ఇచ్చేద్దామనే దాచాడన్నాడు. "క్షేమం అడగడం నేరమా అమ్మా?"

"క్షేమం ఒక్కటే అడిగితే కాదు. కవరు కాక మూడుసార్లు మాట్లాడారు. మూడుసార్లూ అక్క మాట వెనకే అనుమతిపత్రం మాట వచ్చింది. తేదీలు డైరీలో ఉన్నాయి."

"ఆ డైరీ తర్వాత కూర్చుని రాసుకుని ఉండొచ్చుగా?"

"ఆ డైరీలో ఆ పేజీలకి ముందూ వెనకా వేరే భవనాల తనిఖీలున్నాయండీ. వాటి నివేదికలు ఆఫీసులో అదే తేదీలతో ఉన్నాయి. మధ్యలో పేజీ దూర్చడానికి చోటు లేదు."

ఇక చివరి అస్త్రం తీశాడు. "సోమవారం నా కక్షిదారుతో మీరు రెండుసార్లు అర్థం కాలేదన్నారు. నిజంగా అర్థం కాలేదా?"

ప్రభుత్వ వకీలు తలెత్తాడు. టేపమ్మ మనసులో లెక్క వేసుకుంది. కాలేదంటే అబద్ధం. అయిందంటే వల పన్నావంటాడు.

"ఆయన ఏం కోరుకుంటున్నారో ఊహించాను" అంది. "కానీ ఆయన నోటి నుంచి అది రాలేదు. నా ఊహ మీద కేసు పెడితే మీరు ఇప్పుడు ఇంతకన్నా గట్టిగా అడిగేవారు. నేను అర్థం కాలేదన్నాక ఆయన అర్థమయ్యేలా చెప్పారు. ఏం చెప్పాలో నేను చెప్పలేదు. రికార్డింగులో నా మాటలు లెక్కపెట్టుకోండి, చాలా తక్కువ."

కోర్టులో ఎవరో చిన్నగా నవ్వి ఊరుకున్నారు. వకీలు కాగితాలు తిరగేసి, "ఇంకేం లేదు" అని కూర్చున్నాడు.

తర్వాత అక్క బోనెక్కింది. ఉత్తరం చూపించి ఇది ఎవరికి రాసిందని అడిగారు. "నాకే" అంది. అది బయటపడితే మీకు నష్టమా అని అడిగాడు ప్రభుత్వ వకీలు. "ఉద్యోగం, గౌరవం రెండూ. అది తెలిసే ఆయన దాన్ని దాచుకున్నాడు" అంది. నిలబడ్డంతసేపూ బోను చెక్కని రెండు చేతులతో పట్టుకునే ఉంది. వెనక బెంచీలో బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రికార్డింగును పరీక్షించిన నిపుణుడు "కూర్చోండి" నుంచి "వస్తానండీ" దాకా పద్నాలుగు నిమిషాలు ఎక్కడా కోతా అతుకూ లేదని చెప్పాడు. కానిస్టేబులు తను విన్నది చెప్పాడు. ఇన్‌స్పెక్టరు క్లిప్పు పెట్టిన కాగితాలు సీలు విప్పి జడ్జి ముందు పెట్టింది.

తీర్పు రోజు జడ్జి చదివింది చాలావరకు టేపమ్మకు తలకెక్కలేదు. కొన్ని మాటలు మాత్రం మనసులో నాటుకుపోయాయి. ఉత్తరంలోని విషయం నిజమా కాదా అన్నది ఈ కేసులో ప్రశ్న కాదు. అక్కాచెల్లెళ్లు చేసిన తప్పు నిందితుడికి వాళ్లని భయపెట్టే హక్కు ఇవ్వదు. తిరిగి ఇచ్చేద్దామనుకున్న ఉత్తరానికి కవర్ల మీద చిరునామాలు అక్కర్లేదు, పక్కన అనుమతిపత్రం నమూనా అసలే అక్కర్లేదు. సంతకం దొరకలేదు గనక నేరం జరగలేదనడం కుదరదు, భయపెట్టి అడగడంతోనే అది నేరమైంది. మేనేజరుకు రెండేళ్ల జైలు పడింది. ఆ మాట వినగానే ఆయన ముఖం నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. టేపమ్మ అటు ఎక్కువసేపు చూడలేకపోయింది.

నర్సింగ్‌హోంకు వేరే అధికారిని పంపారు. మందుల పెట్టెలు తీయించి, కొత్త తలుపు పెట్టించాకే అనుమతి ఇచ్చారు. టేపమ్మ సస్పెండయిన మూడు నెలలకే ఉద్యోగంలోకి తిరిగి వచ్చింది కానీ తనిఖీలకు కాదు, శిక్షణ విభాగానికి, ఒక మెట్టు కిందికి. ఆమె ఎదురు చెప్పలేదు.

అక్క మీద విచారణ తీర్పు తర్వాత ఇంకొన్ని వారాలు నడిచింది. చివరికి ప్రధానోపాధ్యాయిని పదవి తీసేసి, ముందుగానే రిటైర్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అది బడికి చేరింది మధ్యాహ్నం. అక్క చదివి, సొరుగులో పెట్టి, తన క్లాసుకు వెళ్లి ఆఖరి గంట దాకా పాఠం చెప్పింది. రిజిస్టర్లు అప్పగించి, బీరువా తాళాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

గేటు దగ్గర టేపమ్మ నిలబడి ఉంది.

"ఏడ్చావా?"

"ఇంకా లేదు."

"ఏడుస్తావా?"

"చూద్దాం. ముందు ఆకలేస్తోంది" అంది అక్క. భుజానున్న సంచి చెల్లెలికిచ్చి, బరువు తగ్గిన భుజాన్ని ఒకసారి తిప్పుకుని, ఇంటి వైపు కాకుండా బజారు వైపు నడక మొదలుపెట్టింది.